మలక్‌పేటలో నానమ్మ నిఘా

ఫలక్‌నుమా, హైదరాబాద్

ప్రియమైన బిడ్డ ప్రేమ్‌రాజ్‌కు,

నీ నానమ్మ నీలమ్మ దీవించి రాస్తున్నది. మిలిటరీ కోర్సు అయ్యేదాకా మీ ఫోన్లు పెట్టెలో పెట్టి తాళం వేస్తారని, ఉత్తరాలైతే రాయొచ్చని చెప్పిపోయావు. అందుకే మూడో తరగతి చదువుతో ఈ కాగితం మీద కుస్తీ పడుతున్నాను. సరిగ్గా తింటున్నావా? విమానంలోంచి దూకే ముందు ఆ గొడుగు మంచిగా మడిచారో లేదో నువ్వే చూసుకో. వేరేవాళ్ల మీద వదిలెయ్యకు.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్నకు మోకాలు నొప్పి, అది ఎప్పుడూ ఉండేదే.

అసలు సంగతి. మన పక్కింటి గుండయ్య నీకొక సంబంధం తెచ్చాడు. మలక్‌పేట పిల్ల, పేరు కీర్తిప్రియ. కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ల పాసులు చూసే ఉద్యోగం. తండ్రి కొండల్ బండ్ల మెకానిక్. ఫొటోలో పిల్ల చక్కగా ఉంది, కళ్లు మాత్రం పోలీసు కళ్లు. మనింటివాళ్ల ఫొటో కూడా వాళ్లకు పంపాము.

ముందు వచ్చిన సంబంధాలు ఎందుకు పోయాయో నీకు తెలుసు. "ఏడికి పోతడో ఇంట్ల గూడ చెప్పడంట, గట్లాంటోనికి పిల్లనెట్ల ఇస్తం" అన్నారు. అందుకే ఈసారి మావాడు మిలిటరీ స్టోర్‌లో బూట్లు, కంబళ్లు పంచుతాడని చెప్పించాను. నిశ్చితార్థం అయ్యాక మెల్లగా నిజం చెబుదాం. ఇది కూడా పోతుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. నీలో ఏ వంకా లేదు, నీ పని పేరు వింటేనే జనం తలుపులు వేసుకుంటున్నారు.

అసలు వాళ్లు ఎట్లాంటివాళ్లో? ఆ గల్లీలో మనకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు. ఎట్లా కనుక్కోవాలి? కనుక్కోవడమే నీ చదువు కదా, చెప్పు.

నీ ఫికర్‌లోనే ఉండే
నానమ్మ


ప్రియమైన నానమ్మకు,

నీ ప్రేమ్ దండాలు. బూట్లు, కంబళ్ల దగ్గర నవ్వాగలేదు. పక్క మంచం దీక్షిత్ అప్పటినుంచి నన్ను స్టోర్‌బాబు అంటున్నాడు. కానీ నానమ్మా, ఆ అబద్ధం నాకు నచ్చలేదు. తప్పుడు సమాచారం మీద కట్టిన ప్లాను ఎంత అందంగా ఉన్నా కూలిపోతుందని ఇక్కడ రోజూ చెబుతారు. నేను లీవులో వచ్చేలోపు వాళ్లకు నిజం చెప్పెయ్యి.

ఇక్కడ మేం ఇసుకతో కొండలు, వాగులు, ఇళ్లు చేసి, ఎవరు ఎటునుంచి వెళ్లాలో, ఎట్లా బయటపడాలో ఆఫీసర్ల ముందు చెప్పాలి. నేను నోరు తెరవగానే మేజర్ సారు "అట్లా జరగకపోతే?" అంటారు. నీ చేతుల్లో పెరిగినవాణ్ని, ఆ ప్రశ్న నాకు కొత్తేమీ కాదు.

మాకు నేర్పేదాంట్లో నీకు పనికొచ్చేది రాస్తాను. ముందు మనకు ఏం తెలియాలో ఒక్క ప్రశ్నగా పెట్టుకోవాలి. వాళ్లింట్లో ఎన్ని గదులు, ఫ్రిజ్ పెద్దదా చిన్నదా, ఇవి మనకెందుకు? నాలాంటివాడితో బతకడం ఆ అమ్మాయికి ఇష్టమేనా, అదొక్కటే ప్రశ్న. అడగడం తక్కువ, వినడం ఎక్కువ ఉండాలి. ఒకరు చెప్పింది ఉత్త కబురు. దానితో సంబంధం లేని ఇంకొకరు అదే చెబితే అప్పుడు నమ్మాలి. వెళ్లిన దారిన తిరిగి రాకూడదు. ఎవరైనా గుర్తుపడితే ఏం చెప్పాలో ఇంటి దగ్గరే అనుకుని బయల్దేరాలి.

ఇదంతా నువ్వు నవ్వుకోవడానికి రాశాను. నిజంగా పోకు.

నీ ముద్దుల మనవడు
ప్రేమ్


ప్రియమైన బిడ్డకు,

పోయొచ్చాను.

మీ అమ్మ నీలం చీర కట్టుకుని, బస్సులో పోయి రైల్లో వచ్చాను. ఎవరైనా అడిగితే కిరాయి ఇల్లు వెతుకుతున్నానని చెబుదామనుకున్నాను. వాళ్లింటి ఎదురుగా కూరగాయల బండి ఉంది, పక్కనే ఇస్త్రీ ఆయన. బీరకాయలు ఏరుతున్నట్టు నిలబడి విన్నాను.

ఇస్త్రీ ఆయన చెప్పిన మాట విని చేతిలో బీరకాయ బండి మీదే పెట్టేశాను. పోయినేడు ఆ పిల్లకు మంచి సంబంధం వస్తే, పిల్లవాడి నౌకరీ దూరమని వద్దన్నదట. ఎంత దూరమని అడిగితే పూనా అన్నాడు. నువ్వు చెప్పినట్టే ఒక్కరి మాట నమ్మలేదు. వెనక గల్లీలో బ్లౌజులు కుట్టే ఆమె దగ్గరికి పోయి కూర్చున్నాను. ఆమె కూడా అదే మాట చెప్పింది. ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. ఇంకేం మిగిలింది బిడ్డా? పూనాయే దూరమైతే, ఎక్కడున్నావో కూడా చెప్పని నిన్ను చేసుకుంటుందా?

పిల్లను చూడకపోయినా బాగుండేది. డ్యూటీ నుంచి వచ్చి, ఆటో కింద ఇరుక్కున్న కుక్కపిల్లను బయటికి తీసి, ఆ ఆటో ఆయనతోనే దానికి బిస్కెట్లు కొనిపించింది. మస్తు నచ్చింది నాకు. నా బాధంతా అదే.

మనసాగక మొన్న కూడా పోయి చూసొచ్చాను. ఇంకొక్కసారి పోతాను.

గుండె దడతో
నానమ్మ


ప్రియమైన నానమ్మకు,

ఇక పోవద్దు. ఈ ఉత్తరం అందగానే కాళ్లు కడుక్కుని ఇంట్లో కూర్చో.

నువ్వు చేసిన తప్పే నేనూ చేశాను. అభ్యాసంలో ఇద్దరు ఊరివాళ్లు ఒకటే కబురు చెబితే నమ్మి ప్లాను వేశాను. ఇద్దరూ ఒకే టీకొట్టులో విన్నారట. మేజర్ సారు నా ఇసుక కొండల్ని కాలితో చెరిపి, మళ్లీ చెయ్యమన్నారు. నీ ఇస్త్రీ ఆయన, బ్లౌజులామె ఎవరి నోట విన్నారో అడిగావా?

ఇంకోటి. వాళ్ల గురించి మనకెంత తెలుసో చూసుకుంటే చాలదు, మన గురించి వాళ్లకెంత తెలుసో కూడా చూసుకోవాలి. వాళ్లకు పంపిన ఫొటో ఏది?

మళ్లీ వేసిన ప్లాను పాసయింది. లీవు దొరికింది, త్వరలో వస్తున్నాను.

నీ
ప్రేమ్


ప్రియమైన నా బంగారానికి,

నీ ఉత్తరం అందేసరికి అంతా అయిపోయింది.

పంపింది మీ చిన్నాన్న పెళ్లి ఫొటో. నువ్వు వెనక వరసలో సగమే కనిపిస్తావు. ముందు వరసలో, నడిమధ్యన, కుర్చీలో నేను.

మూడోసారి పోయి బీరకాయలు ఏరుతుంటే పక్కనుంచి గ్లాసుతో నీళ్లందించింది ఆ పిల్ల. "అవ్వా, తాగున్రి. మూడుసార్లొచ్చిన్రు, ఒక్క బీరకాయ గూడ కొనలే" అన్నది. కిరాయి ఇల్లు అన్నాను. "ఇల్లు తరువాత జూద్దాం. ఫొటోల కుర్చీల కూసున్నది మీరే గదా?"

దొరికిపోయాను. గేటు దగ్గర రోజూ ఎందరి మొహాలో చూసే పిల్లకు నా చీర మార్పు ఒక లెక్కా? ఇంట్లోకి తీసుకుపోయి కూర్చోబెట్టింది. తల్లి చాయ్ పెట్టడానికి పోయింది. పిల్ల నా ఎదురుగా కూర్చుని, ఫస్టు రోజు నా వెనకే స్టేషన్ దాకా వచ్చిందట, రెండోసారి నేను బస్సు దిగుతుంటేనే చూసిందట. "బస్సుల వచ్చి రైలుల పోతున్రు. బూట్లు పంచేటాయన గిట్ల నేర్పిండా?"

ఇంకేం దాస్తాను? చెప్పేశాను. నువ్వు దూకే సంగతి, పోయేచోటు చెప్పని సంగతి, నా అబద్ధం, అన్నీ. లేచి పోబోయాను కూడా. చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

పూనా పిల్లవాణ్ని వద్దన్నది దూరమని కాదట. మాటలు కుదరకముందే రోజంతా ఫోన్ చేసి ఎక్కడున్నావు, ఎవరితో ఉన్నావు, ఫొటో పంపు అన్నాడట. అది బయటపడితే గల్లీలో లొల్లి అవుతుందని, నౌకరీ దూరమన్న మాట తనే ఇస్త్రీ ఆయనకూ, బ్లౌజులామెకూ చెప్పిందట. ఇద్దరూ విన్నది ఆ ఒక్క నోటే బిడ్డా.

"ఆయన ఏడున్నడో నాకు చెప్పకపోతే ఏమాయె. నన్ను గడియగడియకు ఏడున్నవని అడగకుంటే సాలు" అన్నది.

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. పిల్ల తండ్రి కొండల్ మాత్రం మెత్తబడలేదు. పిల్లవాడు వచ్చి తన నోటితో తన పని చెప్పాలి, అప్పుడే మాటిస్తానన్నాడు. న్యాయమే. వాళ్లతో బూట్ల ఊసెత్తకు.

పిల్ల నన్ను మలక్‌పేట స్టేషన్లో రైలెక్కించింది. బండి కదిలేటప్పుడు కిటికీ దగ్గరికి వచ్చి, "మీరు మా ఇల్లు జూసిన్రు. నేను గూడ మీ ఇల్లు జూడాలె గదా. ఏ రోజో చెప్ప, మనిషిని పంపుతనేమో" అని నవ్వింది.

ఆ రోజు నుంచి గడప కడుగుతూనే ఉన్నాను. నిన్న గాజులమ్మే ఆమె మన వాకిట్లో కాసేపు నిలబడింది. లోపలికి పిలిచి, చాయ్ ఇచ్చి, నీ చిన్నప్పటి ఫొటోలన్నీ చూపించాను. ఎవరి తరఫు మనిషో ఏమో.

నీ దారి చూసే
నానమ్మ నీలమ్మ