అద్దాల తొట్టెలో ఉప్పు పంట

బళ్లారి, కంటోన్మెంటు
ఏప్రిల్ 6, 1959

ప్రియమైన నాన్నకి,

మేం క్షేమమే. క్షేమం లేనివి చేపలు. నిన్న పసుపు చారలది ఇంకొకటి చచ్చి పైకి తేలింది.

మీకు రాశాను కదా, మీ అల్లుడుగారు మద్రాసులో ఎవరో దొర బంగళాలో చూసొచ్చి హాల్లో అద్దాల తొట్టె పెట్టించారని, సముద్రపు చేపల్ని రైల్లో తెప్పించారని. రైసుమిల్లు పనుల మీద ఆఫీసర్లు వస్తుంటారు, వాళ్ళకు చూపించుకోవాలి. "బందరు పిల్లవి, ఉప్పు కొఠారులో పనిచేసినాయన కూతురివి. నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?" అని ఆ తొట్టె నాకు అప్పగించారు. ఇప్పుడు చచ్చిన ప్రతి చేపా నా నెత్తినే పడుతోంది.

ఎర్రదుమ్ము నీళ్ళలో పడుతుందని హాలు కిటికీలన్నీ మూయించి మేకులు కొట్టించారు. ఈ ఎండల్లో ఆ గదిలో కూర్చుని చేపల్ని కనిపెట్టుకుని ఉండటమే నా ఉద్యోగం. గుడికి వెళ్ళొస్తానన్నా "చేపలో?" అంటారు. పనిచేసే సుంకలమ్మ నిన్న, "ఏందమ్మా ఇది! తాగేకి నీళ్ళు లేక మేము యాడాడో తిరుగుతాండాము, వీటికి రైల్లో నీళ్ళు వస్తాండాయి. అయినా సస్తాండాయి!" అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది.

అసలు సంగతి వినండి. బందరు టీచర్ల ట్రైనింగు స్కూల్లో నాకు సీటు వచ్చిందని మీరు పంపిన కాగితం ఆయనకు చూపించాను. "చేపలు చావడం ఆగనీ, జూన్‌లో నేనే రైలెక్కిస్తాను" అన్నారు. ఆయన నోటితో అన్నారు నాన్నా! పెళ్ళయిన మూడేళ్ళలో నేను ఇంత ఆశపడింది లేదు. బడిలో పాఠం చెప్పాలని నాకెంత ఉందో మీకు తెలుసు. ఇవి ఎందుకు చస్తున్నాయో త్వరగా చెప్పండి.

మీ సరోజ

*

బందరు
ఏప్రిల్ 12

అమ్మా సరోజా,

రిటైరయ్యేదాకా ఉప్పు మడుల్లో తిరిగినవాణ్ణి, చేపల వైద్యం నాకేం తెలుసే? చేపంటే నాకు తెలిసింది పులుసే. అయినా అడిగావు గనక పడవల వాళ్ళ దగ్గర కూర్చుని కనుక్కొచ్చాను. చచ్చేముందు పైకొచ్చి నోరు తెరుస్తున్నాయా, అడుగున పడి ఉంటున్నాయా? మేత మిగిలిపోయి కుళ్ళుతోందా? గాలి బుడగల మిషను మధ్యలో ఆగుతోందా? నేను రైల్లో పంపే సముద్రపు నీళ్ళు ఏ పాత్రలో పోస్తున్నారు? రాగిదైతే మాత్రం ఇవాళే మానెయ్యి. ఉప్పునీళ్ళు తగిలితే రాగి చిలుము కడుతుంది, ఆ చిలుము విషం.

అల్లుడుగారు మాట ఇచ్చారంటే నిలబెట్టుకుంటారు, పెద్దమనిషి. అంత పెద్ద ఇంట్లో నీకేం లోటు చెప్పు? కాస్త కోపం తగ్గించుకో. అది నీకు నా దగ్గర్నుంచే వచ్చిందని మీ అమ్మ రోజూ దెప్పుతోంది.

ఆశీస్సులతో,
నాన్న

*

బళ్లారి
ఏప్రిల్ 24

ప్రియమైన నాన్నకి,

మీరు మంత్రగాడు! రాగి బిందే! తాగే నీళ్ళకు చేసినట్టే, సముద్రపు నీళ్ళు కూడా రాగిలో ఒక రాత్రి ఉంచితే శుద్ధి అవుతాయని ఆయన ఆజ్ఞ. వంచి చూస్తే బిందె అడుగంతా పచ్చగా ఉంది. వెంటనే గాజు జాడీలకు మార్చాను. వారం రోజులు చేపలు హాయిగా తిరిగాయి, నేనూ బట్టలు సర్దుకున్నాను.

నిన్న నీలం రెక్కలది పోయింది.

మిషను ఆగడం లేదు, మేత మిగలడం లేదు. ముందు ఒంటి మీద మెరుపు పోతుంది, తర్వాత తినడం మానేస్తాయి, తర్వాత మొప్పలు గబగబా కొట్టుకుంటాయి. ఇంకో రెండు ఆ దారిలోనే ఉన్నాయి. "నీకు చేతకాదా, చెయ్యాలని లేదా?" అని అడిగారు ఆయన. "నా సీటు వాటి మొప్పల్లోనే ఉంది, చెయ్యాలని లేకుండా ఎట్లా ఉంటుందండీ?" అన్నాను. ఆయనకు నవ్వు రాలేదు.

నేను ఏం తక్కువ చేశాను నాన్నా? ఎండకు నీళ్ళు ఇట్టే తగ్గిపోతాయి. రోజూ మళ్ళీ గీత దాకా సముద్రపు నీళ్ళు పోసి నింపుతున్నాను, ఒక్కరోజు మానలేదు. అద్దం అంచున తెల్లగా పేరుకుంటే అదీ తుడుస్తున్నాను. ఇంకేం చెయ్యమంటారు?

మీ సరోజ

*

బందరు
ఏప్రిల్ 29

ఓసి నా పిచ్చితల్లీ,

రోజూ ఉప్పునీళ్ళే పోస్తున్నావా? ఉప్పు మడి గట్ల మీద ఆడుకుంటూ పెరిగావు కదే! ఎండకు పోయేది నీళ్ళు. ఉప్పు ఎక్కడికి పోతుంది? అక్కడే ఉంటుంది. దానిమీద మళ్ళీ ఉప్పునీళ్ళు, మర్నాడు మళ్ళీ ఉప్పునీళ్ళు! మేం మడిలో జీవితమంతా చేసిన పని అదే. నువ్వు అల్లుడుగారి హాల్లో కూర్చుని ఉప్పు పండిస్తున్నావు. ఆ తెల్లటిది తుడవడం కాదు, నాలిక మీద వేసుకుని చూడు.

ఇకమీదట తగ్గినంత మేర మంచినీళ్ళే పొయ్యి. అవీ ఒక్కసారిగా కాదు, తట్టుకోలేవు, కొంచెం కొంచెంగా పొయ్యాలి. కొఠారులో వాడే గాజు గొట్టం ఒకటి పంపుతున్నాను. నీళ్ళలో వదిలితే ఉప్పు ఎక్కువైనకొద్దీ పైకి లేస్తుంది. మన సముద్రంలో అది ఎక్కడ నిలిచిందో చూసి గీత పెట్టాను. నీ తొట్టెలోనూ అక్కడే నిలవాలి.

నవ్వాపుకోలేకపోతున్నాను. ఏమీ అనుకోకు.

నాన్న

*

బళ్లారి
జూన్ 3

ప్రియమైన నాన్నకి,

బతికాయి. మే నెలంతా ఒక్కటీ చావలేదు. మీరు చెప్పినట్టు నాలిక మీద వేసుకుని చూసి సిగ్గుతో చచ్చాను. గొట్టం మీ గీత దగ్గరే నిలుస్తోంది. మొన్న బెంగుళూరు ఆఫీసరు వచ్చి పిల్లవాడిలా ముక్కు అద్దానికి ఆనించి చూశాడు. మీ అల్లుడుగారి మొహం వెలిగిపోయింది. ఇదే సమయమని, అతను వెళ్ళగానే నా ప్రయాణం మాట ఎత్తాను.

"నువ్వు పోతే వీటిని ఎవరు చూస్తారు? నీ చేతిలో కాబట్టి బతికాయి" అన్నారు. కోపంగా అనలేదు నాన్నా, మెచ్చుకుంటున్నట్టు అన్నారు! వచ్చే ఏడు చూద్దామట. ఇంకో తొట్టె కూడా చేయిస్తారట.

చస్తే పంపరు, బతికితే అసలే పంపరు. వంటింట్లోంచి ఉప్పు డబ్బా తెచ్చుకుని తొట్టె దగ్గర నిలబడ్డాను. పొయ్యలేకపోయాను. పాపం అవేం చేశాయి? డబ్బా తీసుకెళ్ళి మళ్ళీ వంటింట్లో పెట్టేశాను.

ఈ నెల ఇరవైకి చేరకపోతే సీటు ఇంకొకరికి ఇస్తారు. మీరొచ్చి ఆయనతో మాట్లాడండి. నా మాట గోడకు చెప్పినట్టే ఉంది.

మీ సరోజ

*

బందరు
జూన్ 8

అమ్మా సరోజా,

నీ ఉత్తరం చదివి మీ అమ్మ అన్నం ముట్టలేదు. కానీ ఏం చెయ్యను? మొగుడూ పెళ్ళాల మధ్య నేను దూరితే రేపు నీకే ఇబ్బంది. కాదనలేదు కదా, వచ్చే ఏడు అన్నారు. ఓర్చుకో తల్లీ. నీ పనికి మెప్పు దొరికింది, అదీ తక్కువేం కాదు.

నాన్న

*

బళ్లారి
జూన్ 12

నాన్నగారికి,

అలాగే ఓర్చుకుంటాను. చేపలు క్షేమం. ఇకమీదట ఉత్తరాలు రాయను. ఈ ఇంట్లో రాయడానికి కొత్త సంగతులేవీ పుట్టవు.

ఇట్లు,
సరోజినీదేవి

*

బళ్లారి, కంటోన్మెంటు
జూలై 14

అమ్మా సరోజా,

నువ్వు రోజూ ట్రైనింగు స్కూలుకి వెళ్తున్నావని మీ అమ్మ రాయించింది. నేను ఇక్కడ దిగిన రోజు నీతో మాట్లాడటానికి వీల్లేకపోయింది, సాయంత్రం రైలుకే నిన్ను ఎక్కించేశాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

నీ చివరి ఉత్తరంలో 'సరోజినీదేవి' అని సంతకం చేశావు. కన్నతండ్రికి కాదు, ఎవరో పరాయి మనిషికి రాసినట్టు ఉంది. ఒళ్ళు మండిపోయింది. మర్నాడే బళ్లారి మీదుగా పోయే హుబ్లీ రైలెక్కాను. అల్లుడుగారితో ఒకటే అన్నాను, "చేపలకు మనిషి కావాలి, అంతే కదండీ? దాని చదువు రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ నేనుంటాను." ఉప్పునీళ్ళు తెలిసినవాడు ఊరికే దొరుకుతుంటే ఎవరు కాదంటారు?

కూతురికి బిడ్డ పుట్టేదాకా ఆ ఇంట మెతుకు ముట్టకూడదని మా తాత పాటించాడు, మా నాన్న పాటించాడు. నేను రెండుపూటలా తింటున్నాను. మొదటిరోజు కంచం వైపు చూస్తూ కూర్చున్నాను. సుంకలమ్మ చూసి, "ఎందుకప్పా అట్ల సూస్తాండావు? నీ కూతురిల్లే కదా, సుమ్నే గమ్మున తినప్పా" అని కసిరింది. తినేశాను. బందరులో ఎవరైనా నవ్వితే నవ్వనీ, నువ్వు తల దించుకోకు.

మొన్న ఆఫీసర్లు వచ్చారు. అల్లుడుగారు నన్ను చూపించి, "చేపల మనిషి, బందరు నుంచి తెప్పించాను" అన్నారు. మామగారని చెప్పలేదు. నేనూ చెప్పలేదు, చేతులు కట్టుకుని నిలబడ్డాను. కొఠారులో ఇంగ్లీషు దొరల ముందు కూడా నేను అలా నిలబడలేదే!

ఈ హాల్లో కూర్చుంటే పొద్దు ఎటు వాలిందో తెలియదు. గాలి ఆడదు. బుడగల మోత తప్ప ఇంకో చప్పుడు లేదు. కాసేపు అలా వీధిలోకి పోయి వద్దామనుకుంటే కూడా అడిగి పోవాలి. నెల కూడా కాలేదు, నాకు గోడలు గీరాలనిపిస్తోంది. ఈ ఇంట్లో మూడేళ్ళు ఎట్లా ఉన్నావే తల్లీ! పైగా నవ్విస్తూ ఉత్తరాలు రాశావు.

నిన్న ఒక చేప పోయింది. ముసలిదనుకుంటా, నీళ్ళలో తేడా ఏమీ లేదు. అది చూసినప్పుడు అల్లుడుగారి మొహం నేను గమనించాను. ఇంకొకటి పోతే నిన్ను రమ్మని రాస్తారు. నువ్వు రాకపోతే తంతి కొడతారు. నాకు జబ్బు చేసిందని కూడా రాయించవచ్చు.

ఏది వచ్చినా రైలెక్కకు. చదువు పూర్తయి, ఉద్యోగం కాగితం చేతికి వచ్చేదాకా ఇటు రాకు. ఈ తొట్టెలో అన్నీ చచ్చిపోయినా రావద్దు. నేనే పోయానని తంతి వచ్చినా సరే, ఆ రోజు పరీక్ష ఉంటే రాసే బయలుదేరు.

నాన్న