నెమలిచెలకలో మనుషులున్నారు

సర్వే బందోబస్తు దొరగారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఉన్న ఊరిని లేదని రాసిన రాతను కొట్టివేయించుట గురించి.

బల్మూరుకు ఆరు క్రోసుల దూరంలోని నెమలిచెలక కాపురస్తుడు కురుమయ్య, వయసు డెబ్బై దాటినది, చేసుకొను మనవి.

1. మాది ముప్పై ఒక్క గడప. తమ గుమాస్తాగారు దఫ్తరులో దీనిని 'బేచిరాగ్' అని, అనగా దీపం పెట్టే దిక్కులేని ఊరని రాసినారు. అందువలన మా చెలకలన్నీ సర్కారు షికారు కంచెలో కలుస్తాయట. నెలలోపల ఖాళీ చేయవలెనట. మనుషులు లేని ఊరికి ఖాళీ చేయమని నోటీసు తెచ్చిన జవాను, అది అందినట్టు నా చేత సంతకం పెట్టించుకున్నాడు. సంతలో బస్తాల మీది అక్షరాలు కూడబలుక్కొని చదువు నేర్చినవాడిని, దస్తూరి వంకరే. లేనివాని దస్తూరి ఇంతకన్న బాగుంటుందా?

2. పొరపాటు జరిగిన విధము. మా తాతల కాలంలో వాంతి భేదుల గత్తర వచ్చి సగం ఊరు పోయింది. నాటి నుండి ఏటా వైశాఖంలో ఒక మంగళవారం ఊరు విడుస్తాము. తెల్లవారకముందే పొయ్యిలన్నీ ఆర్పి, వాకిళ్ళకు ముళ్ళకంప అడ్డం పెట్టి, కోళ్ళను గంపలకెత్తుకొని, కుక్కలను ఈడ్చుకొని వాగు అవతలికి పోతాము. ఆ పగలంతా ఊరు అమ్మవారిది. ఎద్దులకు నాడాలు కొట్టే గులాం రసూల్ కూడా వస్తాడు. నీకెందుకని అడిగితే, "గత్తర మా తాతను మతమడిగి తీస్కపోయిందా కాకా?" అన్నాడు. నిప్పు మాత్రం ఒక్క కుండలో మా వెంట వస్తుంది. ఊరికి పెద్దది జోగులమ్మ మోస్తుంది. పొద్దు వాలగానే ఆ నిప్పుతోనే అన్ని పొయ్యిలూ మళ్ళీ ముట్టిస్తాము.

3. పోయినేడు గుమాస్తాగారు సరిగ్గా ఆ మంగళవారమే వచ్చినారు. పొగ లేదు, కోడి కూత లేదు. అలికిన వాకిళ్ళు, తడి ఆరని బావి తాడు వారికి కనబడలేదు. మేము తిరిగి వచ్చేసరికి జోగులమ్మ గడప ముందర గుర్రపు లద్దె ఉన్నది. అమ్మవారు గుర్రమెక్కి వచ్చిపోయిందని ఆమె దానికి పసుపు కుంకుమ పెట్టింది. ఊరంతా మొక్కినాము. నేనూ మొక్కినాను. నోటీసు వచ్చిన తరువాత గాని అది ఎవరి గుర్రమో తెలియలేదు.

4. అర్జీకి సంబంధం లేని మాట ఒకటి. ఉన్నదో లేదో తమరే చూడవలెను. రెండేండ్ల కింద తమరు మా వాగు ఒడ్డున డేరా వేసి, జోగులమ్మ మజ్జిగ తాగి, మున్షీ ద్వారా తమ ఊరి సంగతి చెప్పినారు. స్కాట్లండు అనే చలిదేశంలో, కొండకింద పద్నాలుగు రాతి ఇండ్లు, చిన్న చర్చి, ఏటికి వంతెన. బురదనేల మట్టిని కోసి ఎండబెట్టి పొయ్యిలో కాలుస్తారట. మట్టిని కాల్చుకునే దేశం నుండి వచ్చి మా మట్టిని కొలుస్తుండని గులాం రసూల్ నవ్వినాడు. మున్షీ అది తర్జుమా చేయలేదు, కనుక నేను ఇక్కడ రాస్తున్నాను. అక్కడి జమీందారు గొర్రెలు మేపుకొనుటకు ఊరిని ఖాళీ చేయిస్తే, తమ నాయనమ్మ పొయ్యిలోని నిప్పును ఇనుప కుండలో పెట్టుకొని సముద్రం ఒడ్డుకు నడిచిందట. అప్పుడు జోగులమ్మ అడిగింది: "మల్ల ఎప్పుడు తిరిగొచ్చిన్రు, దొరా?" తమరు టోపీ సవరించుకున్నారు.

5. ఆ జమీందారు కూడా ఊరిని మొదట కాగితం మీదనే ఖాళీ చేసి ఉంటాడని నా అనుమానం. అక్కడ గొర్రెల కొరకు, ఇక్కడ పులుల కొరకు. మేము పోము. జనాన్ని లెక్కించవలెనంటే మంగళవారం కాక ఏ బుధవారమైనా రావలెను.

చిత్తగించవలెను, లేదా వచ్చి కండ్లతో చూడవలెను.

ఊరు విడిచే ఒక్క సంగతిలో తప్ప,
తమ విధేయుడు
కురుమయ్య

తా.క. నోటీసు గడువు తీరేది ఈ ఏటి ఊరు విడుపు నాడే. ఆ పగలు కంచె పాతిస్తారని అందరికీ భయం పట్టుకున్నది. ఆచారం మానుదామంటే జోగులమ్మ వినలేదు. "మీరు పోన్రి. నిప్పుకుండతోని నేను ఊర్లనే కూసుంట. అమ్మవారికి నేను చెప్పుకుంట, ఆమెకు మనం ఉన్నమని ఎరికే" అన్నది. కనుక ఆనాడు తమరే స్వయంగా రావలెను. మజ్జిగ ఇస్తుందట. రెండేండ్ల కింది ప్రశ్న మళ్ళీ అడుగుతుందట. జవాబు తెచ్చుకోవలెను.