చరితకి చేరని బిర్యానీ

ఏప్రిల్ 6, సోమవారం
ఉద్యోగం పోయాక ఇన్నాళ్లకి మళ్లీ హుషారు! ఇవాళ్టి నుంచి నేనే ఓనర్ని, నేనే డ్రైవర్ని. సర్వీసు పేరు "ఆవలి ఒడ్డు". నది అవతల డెట్రాయిట్‌లో మన హోటళ్లు బోలెడు. ఇవతల, కెనడా వైపు, మా విండ్సర్‌లో మన స్టూడెంట్లు బోలెడు, అమెరికా వీసాలే లేవు. నాకేమో కెనడా పాస్‌పోర్టు, పాత కారు, కావలసినంత ఖాళీ. బిర్యానీ తెస్తా, పార్సిళ్లు తెస్తా, ఇక్కడివి అక్కడ ఇచ్చొస్తా.
మా ఆయన పాండురంగ అంతా విని, "నువ్వు పార్సిల్ ఇచ్చి ఊరుకోవు తేజా. వాళ్ల కొంపల్లో దూరతావు" అన్నారు.
రోషం వచ్చింది. ఒట్టేశా. ఇవ్వడం, వచ్చేయడం. అంతే!

ఏప్రిల్ 7
సూపర్! బార్డర్ ఆఫీసర్‌కి రసీదులన్నీ చూపించా. "ఇంత వాసన మధ్య ఎలా డ్రైవ్ చేస్తున్నారు?" అన్నాడు. ఒక్క మెతుకు ముట్టలేదు. ఒకమ్మాయి ఏడ్చిన కళ్లతో తలుపు తీసింది. అయినా అడగలేదు! నోరు నొప్పి పుట్టింది.

ఏప్రిల్ 9
కొత్త కస్టమర్ రోహిత్. డెట్రాయిట్‌లో ఉద్యోగం. ఇక్కడ ఎం.ఎస్. చదివే చరితతో పెళ్లి కుదిరింది. అతనికి కెనడా వీసా రాలేదు, ఆమెకి అమెరికా వీసా రాలేదు. సాయంత్రాలు చెరో ఒడ్డున నిలబడి ఫోన్లో మాట్లాడుకుంటారట. ఇదంతా నేను అడగలేదు. "అయ్యో, తర్వాత?" అన్నానంతే.
నన్ను "అక్కా" అంటాడు. బంగారంలాంటి పిల్లాడు.
చరిత "ఆంటీ" అంది. సరే, చదువు ఒత్తిడి.

ఏప్రిల్ 11, శనివారం
రోహిత్ మటన్ బిర్యానీ పంపాడు. చరిత తలుపు సగమే తీసింది.
"వద్దాంటీ. వెనక్కి ఇచ్చేయండి."
"ఏమైందమ్మా?" నోరు జారింది!
"పెళ్లవగానే నేను చదువు ఆపేసి అక్కడికొచ్చేస్తానని వాళ్లమ్మకి మాటిచ్చేశాడు. నన్ను అడగనేలేదు. ఇప్పుడు బిర్యానీ పంపి సరిపెడుతున్నాడు."
మటన్ వెనక్కి తీసుకెళ్తే బార్డర్‌లో రానివ్వరు. పారేయడానికి చేతులు రాలేదు. పార్కింగ్‌లో, కారులోనే, రుచి చూద్దామని రెండు ముక్కలు. తర్వాత మిగతావి. తర్వాత రైతా.
రోహిత్ ఫోన్. "తిందా అక్కా?"
"తింది. చాలా బాగుందంది."
"కోపం పోయిందా?"
"పోయినట్టే ఉంది."
పూర్తి అబద్ధమేం కాదు. తిన్నవాళ్లకి కోపం లేదు.

ఏప్రిల్ 13
ఈసారి చికెన్. ఆమె మళ్లీ వద్దంది. నేను మళ్లీ పారేయలేకపోయా. "పాపం, రోహిత్ నీ మీద బెంగతో సగమైపోయాడు" అని కూడా చెప్పొచ్చా. నిజానికి ఒళ్లు చేశాడు. ఇది దూరడం కాదు, కస్టమర్ కేర్.
రాత్రి భోజనం వద్దంటే మా ఆయన నా కొంగు వాసన చూశారు.

ఏప్రిల్ 15
పొద్దున్నే రోహిత్ గంతులేస్తూ ఫోన్. "చరిత మెత్తబడిందని అమ్మకి చెప్పేశానక్కా! ముహూర్తం పెట్టించేస్తోంది. జూన్‌లోనే!"
ఫోన్ పెట్టేశా.
మా ఆయనకి చెప్పా. నవ్వుతారనుకున్నా. నవ్వలేదు.
"ఆ అమ్మాయి చదువు, తేజా" అన్నారు.

ఏప్రిల్ 16
చరిత గదికెళ్లి అంతా చెప్పేశా, రైతాతో సహా. ఆమె రోహిత్‌కి వీడియో కాల్ చేసి ఫోన్ నా చేతిలో పెట్టింది.
"మీరే చెప్పండాంటీ."
చెప్పా. రోహిత్ ముఖం చూడలేకపోయా.
"అయితే ఇన్ని రోజులూ కోపంగానే ఉన్నావా?" అన్నాడు.
"నన్నడిగావా? ఆంటీని అడిగావు."
మెల్లగా లేవబోయా. "కూర్చోండి!" అన్నారిద్దరూ.
అతను అప్పుడే ఇంకో ఫోన్ తీసి, మేం వింటుండగానే, ఇంటికి చేశాడు. "అమ్మా, ముహూర్తం ఆపు. తన చదువు అయ్యాకే పెళ్లి. తనేం ఒప్పుకోలేదు, నేనే అడక్కుండా చెప్పేశా." అవతల వాళ్లమ్మ అరుస్తూనే ఉంది. అతను మాట మార్చలేదు. చరిత కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.
ఆ తర్వాత ఇకమీదట నా సర్వీసు వద్దని ఇద్దరూ కలిసి చెప్పేశారు. ఇన్ని రోజుల్లో వాళ్లిద్దరికీ ఒకే మాట కుదరడం, ఆ "కూర్చోండి" తర్వాత, అది రెండోసారి.

ఏప్రిల్ 20, సోమవారం
మళ్లీ మొదలు! ఈసారి మరీ గట్టిగా. తిని బయల్దేరతా. నోట్లో చూయింగ్ గమ్, నోరు తెరిస్తే ఒట్టు.
మొదటి ఆర్డర్ ఎల్లమ్మ గారిది. డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో ఉన్న కోడలికి గోంగూర పచ్చడి ఇవ్వాలి.
"ఇచ్చేసి వచ్చేయమ్మా. ఊరికే, ఆ పిల్ల సూట్‌కేసులేమైనా సర్దుతోందేమో ఓ కంట చూసి రా."
చూడను. ఛస్తే చూడను.
అయినా, సూట్‌కేసులెందుకు సర్దుతుంది?