జెర్సీలో దోపిన పేపరు

డిసెంబరు, శనివారం రాత్రి

సుధ పోయాక ఇదే మొదటి చలికాలం. రేపు నంది కొండకు సైకిల్ తీద్దామని గ్లౌజులు, మఫ్లర్ వెతికి పెట్టాను. కొండ దిగేటప్పుడు ఎదురుగాలి గుండెల్లో కొట్టకుండా, పైన ఆగి ఆమె నా జెర్సీలో పేపరు మడిచి దోపేది, నేను ఆమెకు. పెళ్ళైన కొత్తలో మొదలైన అలవాటు.

సాయంత్రం సైకిల్ షాపులో ఈ మాట చెబితే ఓనరు నవ్వాడు.

"ఇంకా పేపరెందుకప్పా? ఈ జాకెట్ వేసుకో, గాలి అనేదే లోపలికి రాదు."

కొన్నాను. ఇప్పుడే అద్దం ముందు వేసుకుని చూశాను. జిప్పు గొంతుదాకా నేనే లాక్కున్నాను. నిజంగా మంచి జాకెట్టే. ఇంకొకరి చెయ్యి అక్కర్లేదు.

రేపు వెళ్తానో, లేదో...