తట్టి వినే చదువు

నాయనా,

ఊపిరితిత్తుల వైద్యంలో పీజీ చేస్తున్న మాకు ఈ రోజు ఒక ఫారం ఇచ్చారు. మీరు చదివి నేర్చుకుంటారా, చూసి నేర్చుకుంటారా, విని నేర్చుకుంటారా? మిగతావాళ్లు ఆలోచిస్తుండగానే నేను 'విని' దగ్గర టిక్కు పెట్టేశాను.

మార్కాపురం గనిలో పలకరాయిని సుత్తితో తట్టి, "కండ్లను నమ్మాకు పాపా, లోపలి పగులు చెవికే తెలుస్తాది" అనేవాడివి.

మధ్యాహ్నం ఒక పెద్దాయన వీపును వేలితో తట్టి, చప్పుడు మారిన చోటును బట్టి ఊపిరితిత్తి చుట్టూ నీరు ఎక్కడిదాకా చేరిందో పెన్నుతో గీత గీశాను. తర్వాత తీసిన ఎక్స్‌రేలోనూ నీరు అక్కడిదాకానే ఉంది.

"ఇట్ల తట్టేది ఏ సారు నేర్పినాడమ్మా?" అన్నాడాయన.

"మా నాయన" అన్నాను.

నువ్వు దగ్గుతూ మంచాన పడ్డ ఏడాది నాకు రాళ్ల చప్పుడే తెలుసు. ఇప్పుడు మనుషులదీ తెలుసు.