ఎల్లవ్వ బంద్ చేసిన గోళీలు

ఆదివారం రాత్రి, మహబూబాబాద్ దవాఖాన వరండా



పొద్దున సెలవుకు మా ఊరు నెల్లికుదురు రాగానే పక్కింటి ఎల్లవ్వను చూడబోయాను. మంచంలో సోలిపోయి ఉంది. షుగర్ గోళీలు వేసుకుంటున్నావా అని అడిగాను.

"నెల దినాలాయె బంద్ చేసి. నేలవేముల ఉండే మందును నువ్వే తయారు చేస్తున్నవట గద బిడ్డా. గది వచ్చేదాక ఆగుదామనుకున్న."

పోయినసారి గొప్పగా చెప్పింది నేనే. నేలవేము ఆకులో ఉండే మందునే, ఆకుతో పని లేకుండా, ల్యాబులో రెండేళ్లు కష్టపడి తయారుచేసింది చిటికెడు తెల్లటి పొడి. దాన్ని ఇంకా ఎలుకకు కూడా ఇచ్చి చూడలేదు. ఆ సంగతి మాత్రం చెప్పలేదు.

మా అన్న తన ఆటోలో ఆమెను ఇక్కడికి తెచ్చాడు. షుగర్ విపరీతంగా పెరిగిందని వెంటనే సెలైన్, ఇన్సులిన్ పెట్టారు. ఇంకో పూట ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు డాక్టర్. సాయంత్రానికి ఎల్లవ్వ తేరుకుంది.

"అవ్వా, నా మందు పనిచేస్తదో లేదో నాకే తెల్వదు. నీ గోళీలు మానకు" అన్నాను.

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "గట్లనా? గార్లల ఉన్న మా చెల్లెకు గూడ చెప్పిన బిడ్డా. అది గూడ బంద్ చేసింది."

ఆ చెల్లెలికి ఆరుసార్లు ఫోన్ చేశాను. ఎత్తడం లేదు. అన్న డీజిల్ పోయించుకొని రాగానే గార్లకు బయలుదేరుతాం.