నూనె మిల్లు గోడ మీద నీ వీపు

నాయనా,

విషయం: గుత్తి రోడ్డు నూనె మిల్లు మూసేలోగా ఫోటోలు తీయుట గురించి.

నీకు తెలియజేయునది ఏమనగా, వానల్లేక వేరుశనక్కాయలు రాని కారణంగా ఈ శనివారంతో నీ మిల్లు మూతపడుతోంది. నిన్న నేను పేపరు తరఫున కెమెరాతో హాజరయ్యాను. నాకు కావలసింది ఒక్క ఫోటోనే. ముప్పై ఏళ్లు నూనె చొక్కాతో నువ్వు చేరగిలబడిన గోడ మీద నల్లగా మిగిలిన నీ వీపు మరక. నువ్వు పోయాక ఇంట్లో మిగిలింది రేషన్ కార్డు ఫోటో ఒక్కటే. అది నువ్వేనని అధికారులు మాత్రమే ధ్రువీకరించారు.

వెళ్లేసరికి గోడ తెల్లగా ఉంది. ఫోటోలు తీస్తారని నీతో పనిచేసిన మస్తాన్ మామ పొద్దున్నే సున్నం కొట్టేశాడు.

"ఆడ మా నాయన మరక ఉండె గదా మామా?"

"గలీజుగా ఉండాదని కొట్టినానప్పా. పేపర్లో పడితే మీ నాయనకే గదా నామోషీ."

అభ్యంతరం తెలుపుటకు తగిన ఫారం నా వద్ద లేదు. యంత్రాలకు ఫోటోలు తీసి వచ్చేసరికి సున్నం ఆరుతోంది. మామ మళ్లీ బ్రష్షు పట్టుకుని విసుక్కుంటున్నాడు.

"ఏందప్పా ఇది, మూడు తూర్లు కొట్టినా మీ నాయన బయటికే వస్తాండాడు."

అప్పటికి భుజాల వరకు వచ్చావు. మామ చేతిలోని బ్రష్షు తీసుకుని, "ఇంకొంచెం ఆరనీ మామా" అని, మధ్యాహ్నం దాకా నీ ఎదుట కూర్చున్నాను.